ఫ్రెంచి నేర్చుకొనే తెలుగువారికి ఆన్‌లైన్ నిఘంటువులు, అనువాద సాధనాలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు మాతృభాషగా గలవారు ఫ్రెంచి నేర్చుకొనేటప్పుడు ఉపయోగించే ఆన్‌లైన్ నిఘంటువులు, అనువాద యంత్రాలు ప్రధానంగా ఆంగ్లం మీదుగానే పనిచేస్తున్నాయి. ఫ్రెంచిలోనూ తెలుగులోనూ ఉండి ఆంగ్లంలో లేని భేదాలు ఈ మధ్యవర్తిత్వంలో నశిస్తున్నాయని ఉదాహరణలతో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. అందుబాటులో ఉన్న సాధనాలను వర్గీకరించి, ఏ దశలో ఏది ఎంచుకోవాలో సూచించడం, తెలుగు-ఫ్రెంచి అభ్యాసక నిఘంటువు ఆవశ్యకతను ప్రతిపాదించడం ఇందులోని ఇతర అంశాలు. ఫ్రెంచి పదాలను ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలోనే రాయడమైనది. నాసిక్యాచ్చులకు అరసున్న వాడడమైనది.

ముఖ్యపదాలు: నిఘంటు విమర్శ, యంత్రానువాదం, ఫ్రెంచి అభ్యసనం, మధ్యవర్తి భాష, యానాం, ద్విభాషా నిఘంటువు.

1. ప్రవేశిక

నిఘంటువు అనగానే తెలుగు పరిశోధకులకు శబ్దరత్నాకరం, బ్రౌణ్య నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు గుర్తుకు వస్తాయి. ఇవన్నీ వెల్లడించే ఆలోచనా విధానం, ఆరోప ప్రత్యారోపాల రీతి మన సాహిత్య విమర్శలో చాలాకాలంగా చర్చకు వచ్చాయి. అన్యభాష నేర్చుకొనే తెలుగు విద్యార్థి చేతిలో ఉన్న నిఘంటువును మాత్రం మనం విమర్శకు విషయంగా అంతగా తీసుకోలేదు. అది ఇప్పుడు చరవాణిలో ఉంది. ఎలమంచిలి వంటి పట్టణంలో ఫ్రెంచి ఉపాధ్యాయుడు దొరకని విద్యార్థికి ఆ సాధనమే నిఘంటువు, వ్యాకరణం, గురువు. దానిలోని లోపాన్ని సరిదిద్దే మరో మనిషి పక్కన ఉండడు. కాబట్టి సాధనం ఎంపిక ఇక్కడ సౌకర్యానికి సంబంధించిన చిన్న విషయం కాదు.

ఫ్రెంచి మీద ఆసక్తికి కారణాలు కొత్తవీ పాతవీ ఉన్నాయి. ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాషగా ఎంచుకోదగిన భాషల్లో ఫ్రెంచి ఒకటి. 2023 నుంచి కెనడా తన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ విధానంలో ఫ్రెంచి ప్రావీణ్యం ఉన్నవారికి ప్రత్యేక విడతలు నిర్వహిస్తోంది. దానితో వలస వెళ్ళదలచిన తెలుగు యువతలో ఈ భాష పట్ల శ్రద్ధ పెరిగింది. ఇటువంటి అభ్యాసకుల్లో తెలుగు మాధ్యమంలో చదివినవారూ ఉన్నారు. ఆంగ్లం బాగా వస్తేనే ఫ్రెంచి వస్తుందన్న స్థితిని సాధనాలు వారి మీద మోపుతున్నాయి.

2. తెలుగు-ఫ్రెంచి సంబంధం: చారిత్రక నేపథ్యం

తెలుగుకూ ఫ్రెంచికీ మధ్య ఆంగ్లం ప్రమేయం లేని సంబంధం ఒకప్పుడు ఉండేది. 18వ శతాబ్దిలో కర్ణాటక మిషన్‌లో పనిచేసిన జెసూట్ మతాచార్యుడు గాస్తోఁ-లోరాఁ కేర్దూ తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదాలతో ఒక నిఘంటువు సంకలనం చేశాడు. సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో ఉన్న పోలికలను ఆయన 1767లో పారిస్ పండితులకు రాసి పంపాడు. విలియం జోన్స్ ప్రసిద్ధ ప్రసంగం 1786 నాటిది. అంటే తులనాత్మక భాషాశాస్త్రపు తొలి పరిశీలనల్లో ఒకటి తెలుగు నేర్చుకొని, తెలుగుకు ఫ్రెంచి అర్థాలు రాసిన వ్యక్తి నుంచి వచ్చింది. బ్రౌన్ తెలుగు-ఆంగ్ల నిఘంటువు 1852లో వెలువడే నాటికి ఈ ప్రయత్నం జరిగి దాదాపు ఒక శతాబ్దం గడిచింది.

ఉత్తరాంధ్రకు ఫ్రెంచివారు అపరిచితులు కారు. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధం, అందులో బుస్సీ పాత్ర మన కథాగేయాలలో నిలిచిపోయాయి. అదే ఏడాది బుస్సీ విశాఖపట్నంలోని ఆంగ్లేయుల స్థావరాన్ని స్వాధీనం చేసుకున్నాడు. యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉంది. భారత్, ఫ్రాన్స్‌ల మధ్య 1956లో కుదిరిన ఒప్పందం 1962లో అమలులోకి వచ్చింది. ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించేవరకు ఫ్రెంచి అధికార భాషగా కొనసాగుతుందన్న నిబంధన అందులో ఉంది. 19వ శతాబ్దిలో విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి మారిషస్‌కు వెళ్ళిన తెలుగు కూలీల సంతతి నేటికీ క్రియోల్, ఫ్రెంచి భాషల మధ్య జీవిస్తూ తెలుగును నిలుపుకొంటున్నది.

ఆనాటి వ్యవహారమంతా దుబాసీల మీదుగా నడిచింది. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసినవాడు. నేటి అనువాద యంత్రం కూడా దుబాసీయే. అయితే అది తెలుగు నుంచి ఆంగ్లానికి ఒక దుబాసీ, ఆంగ్లం నుంచి ఫ్రెంచికి మరొక దుబాసీ అన్నట్లు పనిచేసే పద్ధతి మీద పెరిగింది. ఇద్దరు దుబాసీల మధ్య మాట ఎంత మిగులుతుందన్నదే ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

3. అందుబాటులో ఉన్న సాధనాలు: వర్గీకరణ

సాధనాలను నాలుగు వర్గాలుగా విభజించవచ్చు.

3.1 ఏకభాషా నిఘంటువులు: లారూస్, ల్ రొబేర్ సంస్థల నిఘంటువులు ఉచితంగా చూడవచ్చు. అర్థం, లింగం, పర్యాయపదాలు, క్రియారూపాలు వీటిలో లభిస్తాయి. ఫ్రెంచి అకాడమీ తొలి నిఘంటువు 1694 నాటిది. 2024లో పూర్తయిన తొమ్మిదవ కూర్పుతో పాటు పాత కూర్పులనూ ఒకేచోట పోల్చి చూసే అవకాశం ఉంది. 1971-1994 మధ్య 16 సంపుటాలుగా వెలువడిన ‘త్రెజోర్ ద లా లాఁగ్ ఫ్రాఁసేజ్’ డిజిటల్ రూపంలో సుమారు లక్ష పదాలతో ఉంది. 19, 20 శతాబ్దుల రచనల నుంచి ప్రయోగాలు ఇవ్వడంలో అది మన సూర్యరాయాంధ్ర నిఘంటువుకు సాటి. సాహిత్య పరిశోధకుడికి అది నిధి. ఇటీవలి మాటలు కావలసిన తొలి అభ్యాసకుడికి దానివల్ల ఉపయోగం తక్కువ.

3.2 ద్విభాషా నిఘంటువులు: 1999లో ప్రారంభమైన వర్డ్‌రిఫరెన్స్ ఫ్రెంచి-ఆంగ్ల జంటలో బలమైనది. ప్రతి అర్థానికి చిన్న వివరణ, వాక్యం, పదబంధాలు, కింద అభ్యాసకుల చర్చలు ఉంటాయి. అర్థభేదాలను వేరువేరు వరుసల్లో చూపించడం దీని గొప్ప గుణం. ఇందులో తెలుగు లేదు.

3.3 ప్రయోగ సంచయాలు: 2009లో వచ్చిన లింగ్వీ, రివర్సో కాంటెక్స్ట్ వంటివి ఇప్పటికే అనువాదమైన పాఠాల నుంచి జంట వాక్యాలు చూపుతాయి. లింగ్వీలో అధికార పత్రాల, సంస్థల భాష ఎక్కువగా కనబడుతుంది. రివర్సోలో సినిమా సంభాషణల పాలు గణనీయం. ఒక మాటకు వాటిలో కనిపించే అర్థం ఆ మూలాన్ని బట్టి ఉంటుంది. ఈ సంగతి తెలియనివాడు కార్యాలయ భాషను ఇంట్లోనూ, సినిమా భాషను దరఖాస్తులోనూ వాడతాడు.

3.4 అనువాద యంత్రాలు: గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు 2011లో చేరింది. 2017లో తెలుగుకు నాడీజాల పద్ధతి వర్తింపజేశారు. అదే ఏడాది లింగ్వీ నిర్మాతల నుంచి డీప్ఎల్ వచ్చింది. ఐరోపా భాషల మధ్య ఈ యంత్రాల నాణ్యత కాదనలేనిది. తెలుగు-ఫ్రెంచి జంటకు నేరుగా లభించే సమాంతర పాఠాలు చాలా స్వల్పం. అందుచేత ఆ నాణ్యత ఇక్కడికి అలాగే బదిలీ కాదు.

4. మధ్యవర్తి భాషలో నశించే భేదాలు

ఆంగ్లం మీదుగా వెళ్ళడం తప్పనిసరి అయితే నష్టం ఎక్కడ జరుగుతుందో అభ్యాసకుడు తెలుసుకోవాలి.

4.1 మర్యాదార్థకం: ఫ్రెంచిలో ‘త్యు’, ‘వూ’ అనే రెండు మధ్యమపురుష సర్వనామాలున్నాయి. తెలుగులో నువ్వు, మీరు ఉన్నాయి. ఆంగ్లంలో రెండింటికీ ‘యూ’ ఒక్కటే. మూలభాషకూ లక్ష్యభాషకూ ఉన్న భేదం మధ్యలో తుడిచిపెట్టుకుపోతుంది. ఆ పైన రెండు సమాజాల వాడుక ఒకటి కాదు. ఫ్రాన్స్‌లో కొత్తవారితో, వారు వయసులో చిన్నవారైనా, ‘వూ’ అనడం సభ్యత. ఇంట్లో అత్తమామలను కొందరు ‘త్యు’ అనే పిలుస్తారు. మన కోడలు అత్తగారిని ‘నువ్వు’ అనడం ఇప్పటికీ అరుదు. నిఘంటువు ‘మీరు’ అని అర్థమిచ్చి ఊరుకుంటే సరిపోదు. ఎవరితో ఎప్పుడు అన్న వాడుక సూచన కావాలి.

4.2 అనుభవార్థక వాక్యాలు: ‘సా మ ప్లే’ అన్న ఫ్రెంచి వాక్యానికి ‘అది నాకు నచ్చుతుంది’ అనేది మాటకు మాట సరిపోయే తెలుగు. నచ్చిన వస్తువు కర్త, నచ్చినవారికి చతుర్థి. ఆంగ్లంలో ఇది తిరగబడి ఇష్టపడేవాడు కర్త అవుతాడు. అలాగే ‘ఇల్ మ ఫో’ అంటే ‘నాకు కావాలి’. ‘ఇల్ ఫో పార్తీర్’ అంటే ‘వెళ్ళాలి’. కర్త ఎవరో చెప్పకుండా విధిని మాత్రమే చెప్పే ఈ రీతి తెలుగువాడికి పుట్టుకతో వచ్చినది. ఆంగ్లం మీదుగా నేర్చుకొనేవాడు దీన్ని క్లిష్టమైన మినహాయింపుగా కంఠస్థం చేస్తాడు.

4.3 కాలం: ‘జాబిత్ ఇసి దపుయి దిజాఁ’ అన్నప్పుడు ఫ్రెంచి వర్తమానం వాడుతుంది. మనమూ ‘పదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను’ అని వర్తమానమే వాడతాం. ఆంగ్లంలో దీనికి వేరొక కాలరూపం ఉంది. ఆ రూపాన్ని ఫ్రెంచిలోకి దించబోయి తప్పు చేయడం ఆంగ్లం ద్వారా చదివినవారిలో సహజం.

4.4 ఎరుక, తెలివిడి: ‘సావ్వార్’, ‘కొనేత్ర్’ రెండింటికీ ఆంగ్లం ఒకే క్రియ ఇస్తుంది. తెలుగులో ‘ఈత తెలుసు’, ‘ఆయనను ఎరుగుదును’ అన్న భేదం ఉంది. వాడుకలో ‘తెలుసు’ రెండోదాన్ని కూడా ఆక్రమించుకుంటున్నా, ‘ఎరుగు’ను గుర్తుచేస్తే ఫ్రెంచి భేదం ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

4.5 ఒకే మాటలో రెండు అర్థాలు: ‘ఇస్త్వార్’ అంటే చరిత్ర, కథ కూడా. ఆంగ్ల అర్థాలు రెండుగా చీలి, అవి మళ్ళీ తెలుగులో చెరొక దారి పడతాయి. మనుచరిత్ర, వసుచరిత్ర పేర్లలోని ‘చరిత్ర’ నేటి పాఠ్యపుస్తకపు చరిత్ర కాదని తెలిసిన తెలుగు విద్యార్థికి ఈ ద్వ్యర్థం వింతగా తోచదు. ‘ఫామ్’ అంటే స్త్రీ, భార్య. మన ‘ఆలు’ కూడా అటువంటిదే. ‘మగడు’ పురుషుడూ భర్తా అయినట్లే. ‘ఎక్స్‌పేరియాఁస్’ అనుభవమూ ప్రయోగమూ. ‘కోఁసియాఁస్’ స్పృహ, అంతరాత్మ రెండూ. తెలుగు అర్థాలు నేరుగా ఇచ్చే నిఘంటువు ఉంటే ఈ సామ్యాలను వాడుకోగలిగేది.

తెలుగు అన్నిచోట్లా ఫ్రెంచికి దగ్గర అని ఈ ఉదాహరణల ఉద్దేశం కాదు. ఉపపదాలు, నిర్జీవ వస్తువులకు లింగభేదం, విభక్తికి బదులు పూర్వపదాలు, ఇవి తెలుగువాడికి కొత్త. అక్కడ ఆంగ్లం కొంత తోడ్పడుతుంది. ఏది ఎక్కడ తోడ్పడుతుందో తేల్చవలసింది తులనాత్మక వ్యాకరణం.

5. ఆంగ్లజ్ఞానమే అడ్డయ్యే సందర్భాలు

రూపసామ్యం వల్ల మోసగించే మాటలు మరొక సమస్య. ‘లిబ్రేరీ’ పుస్తకాల దుకాణం. తెలుగులో కలిసిపోయిన ‘లైబ్రరీ’ వల్ల గ్రంథాలయమని పొరబడతారు. ‘దమాఁదే’ అంటే అడగడం, డిమాండ్ చేయడం కాదు. ‘రెస్తే’ అంటే ఉండిపోవడం, విశ్రాంతి కాదు. ‘అసిస్తే’ అన్నది సభ వంటివాటి గురించి వాడినప్పుడు హాజరు కావడమే. ‘బ్లెసే’ అంటే గాయపరచడం. దీవెన అనుకొంటే అర్థం తలకిందులవుతుంది. యంత్రం వాక్యమంతా ఒక్కసారిగా మార్చి ఇస్తుంది కనుక ఈ పొరపాట్లు విద్యార్థి దృష్టికి రావు. అవి అతని మనసులో అలాగే ఉండిపోయి పరీక్షలో, సంభాషణలో బయటపడతాయి. నిఘంటువు తెరిచి చూసినవాడికి మాత్రం ఆశ్చర్యం కలుగుతుంది. మాట గుర్తుండేది ఆ ఆశ్చర్యం వల్లనే.

6. ఉచ్చారణ, లిపి

ఫ్రెంచి ఉచ్చారణను తెలుగు లిపిలో ఇచ్చే పుస్తకాలు, వీడియోలు ఉన్నాయి. తెలుగు లిపికి ఇందులో కొన్ని సౌకర్యాలున్నాయి. వ్యవహారంలో దాదాపు లుప్తమైన అరసున్న నిజానికి నాసిక్యాచ్చుకు గుర్తుగా పనికివచ్చే చిహ్నం. పదాంత హల్లు తరువాతి అచ్చుతో కలిసి ‘లేజామి’ అని వినబడడం, ‘ల్’ ‘ఆమి’ కలిసి ‘లామి’ కావడం సంధి చదివినవారికి సులభంగా బోధపడతాయి. మన సంధులకు నిత్యం, వైకల్పికం, నిషేధం ఉన్నట్లే అక్కడా ఉన్నాయి. వీరులు అనే అర్థంలో ‘లే ఏరో’ అనాలి. అక్కడ సంధి చేసి ‘లేజేరో’ అంటే సున్నాలు అవుతాయి. మంచి నిఘంటువు ఇటువంటి పదాదిలో ప్రత్యేక గుర్తు పెడుతుంది. అనువాద యంత్రం ఏ గుర్తూ పెట్టదు.

లిపి లోటు కూడా తక్కువేమీ కాదు. పెదవులు ‘ఊ’కు సున్నాగా చుట్టి నాలుకతో ‘ఈ’ పలికితే వచ్చే అచ్చు తెలుగులో లేదు. పైన అనే మాట, కింద అనే మాట రెండూ తెలుగు లిపిలో ‘దసూ’ అనే రాయవలసి వస్తుంది. పరస్పర విరుద్ధార్థకాలు ఒకే రూపంలో కనబడడం కన్నా పెద్ద ప్రమాదం అభ్యాసకుడికి మరొకటి ఉండదు. కాబట్టి మనుషుల గొంతుతో ధ్వనులు వినిపించే సాధనానికే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. ఫ్రెంచి విక్షనరీలో, ఫోర్వోలో స్వచ్ఛంద సేవకులు పలికిన ధ్వనులు పెద్ద సంఖ్యలో ఉన్నాయి.

7. యంత్రాన్ని పరీక్షించే వాక్యాలు

యంత్రాల ఫలితాలు నెలనెలా మారుతుంటాయి. అందువల్ల ఫలితాల పట్టిక కన్నా పరీక్షించే పద్ధతి ఎక్కువకాలం నిలుస్తుంది. కింది ఐదు వాక్యాలతో ఏ సాధనాన్నైనా పరిశీలించవచ్చు.

(అ) ‘వచ్చిందా?’ తెలుగులో కర్త అవసరం లేదు. స్త్రీకీ అమహత్తుకూ క్రియారూపం ఒక్కటే. ఫ్రెంచిలో కర్త తప్పనిసరి, లింగం తప్పనిసరి. వచ్చింది అమ్మాయా, బస్సా, జీతమా? యంత్రం ప్రశ్నించకుండా ఒకటి ఎంచుకుంటుంది.

(ఆ) ‘నేను నిన్న వచ్చాను.’ పలికింది స్త్రీ అయితే ఫ్రెంచి రాతలో క్రియకు స్త్రీలింగ చిహ్నం చేరాలి. తెలుగు వాక్యంలో ఆ సమాచారం లేదు.

(ఇ) ‘మీరు ఆగండి, మేము ముందు వెళ్తాం, తరువాత మనందరం కలుద్దాం.’ ‘మేము’, ‘మనం’ రెండూ ఫ్రెంచిలో ‘నూ’ అవుతాయి. తిరిగి తెలుగులోకి మార్పించి చూస్తే ఆ భేదం నిలిచిందో లేదో తెలుస్తుంది.

(ఈ) ‘మా బావ విశాఖలో పనిచేస్తున్నాడు.’ మేనత్త కొడుకా, అక్క భర్తా? ఫ్రెంచిలో మొదటివాడు ‘కుజాఁ’, రెండవవాడు ‘బో-ఫ్రేర్’. అత్తయ్య, వదిన, మరదలు వంటి మాటలన్నిటికీ ఇదే చిక్కు.

(ఉ) ‘నాకు ఈ ఊరు నచ్చింది.’ రూపం భూతకాలం, అర్థం ప్రస్తుతానికీ వర్తిస్తుంది. యంత్రం పై 4.2లోని నిర్మాణాన్ని ఇస్తుందా, ఆంగ్ల నిర్మాణానికి ప్రతిబింబం ఇస్తుందా అన్నది గమనించాలి.

వీటిలో మొదటి, రెండవ, నాలుగవ వాక్యాలకు సందర్భం తెలియకుండా సరైన అనువాదం ఏ మనిషికీ సాధ్యం కాదు. మనిషి అయితే ‘ఎవరు?’ అని అడుగుతాడు. అడగకుండా ధీమాగా సమాధానం చెప్పడమే యంత్రంలోని అసలు లోపం. తప్పు చెప్పడం దాని తరువాతిది.

8. ప్రాంతభేదం

కెనడాకు వెళ్ళేవారు ఫ్రాన్స్ నిఘంటువులతోనే సరిపెట్టుకోవడం మరొక అసంపూర్ణత. ‘దేజెనే’ ఫ్రాన్స్‌లో మధ్యాహ్న భోజనం, క్విబెక్‌లో ఉదయపు అల్పాహారం. ‘దినే’ ఫ్రాన్స్‌లో రాత్రి భోజనం, క్విబెక్‌లో మధ్యాహ్నానిది. భోజనానికి పిలిచిన ఇంటికి ఏ వేళకు వెళ్ళాలన్నది ఈ భేదం మీదే ఆధారపడి ఉంటుంది. క్విబెక్ ప్రభుత్వ భాషా కార్యాలయం నిర్వహించే ‘గ్రాఁ దిక్సియొనేర్ తెర్మినొలొజిక్’ ఈ విషయంలో ఉపకరిస్తుంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం వెలువడిన భాష మనది. ఒకే వస్తువుకు శ్రీకాకుళంలో ఒక పేరు, చిత్తూరులో ఒక పేరు ఉండడం లోపం కాదని మనకు తెలుసు. ఆ దృష్టినే ఫ్రెంచికీ అన్వయించుకోవాలి.

9. ఎంపికకు సూచనలు

తొలి దశలో, అంటే ఎ1, ఎ2 స్థాయిల్లో, లింగం, ఉపపదం, ధ్వని, ఉదాహరణ వాక్యం ఉన్న ఒకే ద్విభాషా నిఘంటువును స్థిరంగా వాడడం మేలు. ఆంగ్ల అర్థం చూసిన వెంటనే తెలుగు అర్థాన్ని కూడా చేతిరాతతో రాసుకోవాలి. ఆ అర్థం కుదరనప్పుడు ఆంధ్రభారతి శోధనలో బ్రౌన్ తదితరుల నిఘంటువులను సంప్రదించవచ్చు. బ్రౌన్ ఆంగ్లం 19వ శతాబ్దిది అన్న జాగ్రత్త అవసరం. బి1 నుంచి ల్ రొబేర్ లేదా లారూస్ ఏకభాషా నిఘంటువుకు మారాలి. ఫ్రెంచి మాటకు ఫ్రెంచిలోనే అర్థం చదివిన రోజున మధ్యవర్తి తప్పుకుంటాడు. సాహిత్యాధ్యయనానికి ‘త్రెజోర్’, అకాడమీ కూర్పులు ఉన్నాయి. అనువాద యంత్రాన్ని సొంతంగా వాక్యం రాసిన తరువాతే, పోల్చి చూసుకోవడానికే వాడాలి. ముందే వాడితే విద్యార్థి చేసేది అనువాదం కాదు, నకలు రాయడం.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ప్రస్తుత సాధనాల్లో ఫ్రెంచి-ఆంగ్ల జంట సమృద్ధం. తెలుగు-ఫ్రెంచి జంట ప్రధానంగా యంత్రానువాదానికే పరిమితం.

2. మర్యాదార్థకం, అనుభవార్థక వాక్యం, కాలరూపం, ద్వ్యర్థకాల విషయంలో తెలుగు, ఫ్రెంచిల సామ్యాలను ఆంగ్ల మధ్యవర్తిత్వం కప్పివేస్తున్నది.

3. సాధనం నాణ్యతకు పదసంఖ్య ఒక్కటే కొలమానం కాదు. అర్థభేదాలు, లింగం, ధ్వని, వాడుక సందర్భం చూపగలగడమే ప్రమాణం.

4. తెలుగు అర్థాలు, వాడుక సూచనలతో కొన్నివేల పదాల అభ్యాసక నిఘంటువు తక్షణ అవసరం. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, యానాంలోని ఫ్రెంచి ఉపాధ్యాయులు, మారిషస్ తెలుగు బోధకులు కలిస్తే ఇది అసాధ్యం కాదు. విక్షనరీ ఎవరైనా చేర్పులు చేయగల స్వేచ్ఛా వేదిక కనుక పని అక్కడే ఆరంభించవచ్చు.

18వ శతాబ్దిలో ఒక విదేశీయుడు తన అవసరం కొద్దీ తెలుగుకు ఫ్రెంచి అర్థాలు సమకూర్చుకున్నాడు. ఇప్పుడు అవసరం మనది. ఫ్రెంచి చదివే తెలుగు విద్యార్థి తన మాతృభాషలో ఉన్న బలాన్ని గుర్తించాలంటే, ఆ బలాన్ని చూపే నిఘంటువు తెలుగువారి చేతులమీదుగానే రావాలి.